రాసిచ్చిన తడబాటు

భీమిలి నడకల కేంద్రంలో ఆ ఉదయం పన్నెండో టోకెను ఒక పెళ్లికొడుకుది. మండపంలోకి దర్జాగా అడుగుపెట్టే నడక కావాలన్నాడు, రాయించుకుని వెళ్లాడు. తర్వాత వచ్చింది నూకరత్నం. అరవై దాటిన మనిషి, ముప్పయ్యేళ్లు తలమీద చేపల గంప మోసింది. ఆవిడ అడిగింది విని, శిక్షణలో ఉన్న పైడితల్లి చేతిలోని కలం కింద పెట్టేసింది.

"నా నడకలో ఒక తడబాటు రాసియ్యమ్మా," అంది నూకరత్నం.

ఇక్కడ నడక రాసేది నడకతొడుగులోకి. అది ఒంటికి అంటుకుని, రాసిన ప్రకారం కాళ్లూ చేతులూ కదిలించే పలచటి పొర. కాళ్లు చచ్చుబడినవాళ్ల కోసం పుట్టి, కాళ్లు సలక్షణంగా ఉన్నవాళ్లకూ ఫ్యాషనైపోయింది. మొదట్లో అది మనుషుల్ని మరల్లా నడిపిస్తే పిల్లలు జడుసుకున్నారు. అందుకని కదలికను నమ్మేలా రాసే చలనలేఖరులు అవసరమయ్యారు. ఏ కదలికకైనా ముందొక సన్నాహం ఉండాలన్నది వాళ్ల తొలి పాఠం. కుర్చీలోంచి లేచేవాడు ముందు వంగుతాడు. అడుగులో ఒంటి బరువు తెలియాలి. మనిషి ఆగాక కూడా చేతులు ఇంకాస్త ఊగాలి.

నూకరత్నం తన గోడంతా చెప్పుకుంది. పక్షవాతం వచ్చాక రెండేళ్లు మొగుడు ఎర్రయ్య రోజూ చెయ్యి పట్టుకుని సముద్రం ఒడ్డున తిప్పాడు. కాపురం మొత్తంలో నలుగురి ముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది అప్పుడే. తొడుగు వచ్చి నడక బాగుపడగానే, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నడవడం మొదలెట్టాడు. ఆమెకి ఆ చెయ్యి మళ్లీ కావాలి.

పైడితల్లి తుది పరీక్ష ఆ శుక్రవారమే. కొత్త కదలిక ఒకటి రాసి చూపాలి. తడబాటే రాస్తానంది. గురువు సన్యాసిరావు వద్దన్నాడు. సన్నాహం లేకపోవడమే తడబాటు లక్షణమని, తొడుగేమో మనిషికి దెబ్బ తగలకుండా అరక్షణం ముందే కండరాల్ని బిగిస్తుందని, అదే సన్నాహంలా కనబడిపోతుందని, ఆ బిగింపును తీసేసే అధికారం ఎవరికీ లేదని నచ్చజెప్పాడు. ఆ పిల్ల వింటేగా. బిగింపును ఒక దగ్గులో దాచింది, బాగాలేదు. తల తిప్పడంలో దాచింది, పైట సర్దుకోవడంలో దాచింది. నాలుగు రోజులు తంటాలు పడ్డా కుడిభుజం దగ్గర కొంచెం మిగిలే ఉంది. మామూలు కంటికి ఆనదులే అని సరిపెట్టుకుంది.

శుక్రవారం సాయంత్రం పరీక్షకులు ముగ్గురు బీచిరోడ్డు బెంచీ మీద కూర్చున్నారు, పక్కనే పైడితల్లి నిలబడింది. ఎర్రయ్యకు ఈ సంగతేమీ తెలియదు. నూకరత్నం అతని పక్కనే నడుస్తూ బొటనవేలితో చూపుడువేలిని నొక్కింది. తడబాటు మొదలవడానికి అదే గుర్తు. కుడిభుజం రవ్వంత పైకి లేచింది. అడుగు ఇంకా జారనే లేదు, ఎర్రయ్య చెయ్యి ఆమె మోచేతి కింద ఉంది.

"ఏటే, పడకముందే బుజమెత్తీసినావు," అన్నాడు. "నీ నడక నాకు తెల్దేటి? సెయ్యి కావాలంటే అడగొచ్చు కదా."

"రెండేళ్లు అడక్కుండానే ఇచ్చినావు. ఇప్పుడడగాలంటే సిగ్గేసింది."



"నడక బాగైపోనాది. ఇంక నాతో పనేటుందిలే అనుకున్నాను," అన్నాడు ఎర్రయ్య.

పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. బెంచీ మీద పెద్ద పరీక్షకుడు, సన్నాహం కనబడిపోయిందనీ తడబాటు నమ్మేలా లేదనీ రాసి సంతకం చేశాడు. పైడితల్లి తప్పింది. మళ్లీ పరీక్ష ఏడాదికి గాని లేదు, బాధగానే ఉంది. అయినా ఆ మొగుడూ పెళ్లాలు లైట్‌హౌస్ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసింది.