పేరు పెట్టని పిలుపు

ఫిట్టరుకి ఎడమ చెవి వినపడదు. బాయిలర్ల షెడ్డులో ఏళ్ళ తరబడి సుత్తి మోతలు భరించినందుకు దక్కిన బహుమానం అది. ఎవరేం చెప్పినా "ఏంటీ?" అంటూ కుడి చెవి అటు తిప్పేవాడు కాబట్టి తోటివాళ్ళు అతన్ని "ఏంటీగారు" అని ఆటపట్టించేవాళ్ళు. భార్య పోయాక ఇంట్లో "ఏంటీ?" అనే అవసరమే లేకుండా పోయింది. చెప్పే మనిషి ఉంటే కదా! ఇప్పుడు మాట్లాడేది అతనొక్కడే. కూర మాడితే "చూశావటే, నీ గిన్నె నల్లగా చేసేశాను" అనేవాడు. గుండీ ఊడితే "ఇదిగో, ఇదీ ఊడింది" అని ఖాళీ కుర్చీకి చూపించేవాడు.

ఆ సంగతి వెల్డరుకి తెలిసింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేశారు. వెల్డరు సముద్రం ఒడ్డు పిల్లని చేసుకుని వాళ్ళ ఊళ్ళోనే ఉండిపోయాడు.

"ఒరేయ్, గోడలతో మాట్లాడింది చాల్లే. వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళుండు," అని ఫోన్లో కేకలేశాడు.

ఫిట్టరు వెళ్ళాడు. కొండలు నీళ్ళలోకి కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుండే చోటు అది. వెల్డరు భార్య తరఫువాళ్ళు ఆ తీరంలో అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ళు. ఆమె బళ్ళో పిల్లలకి తమ భాష నేర్పుతుంది. ఫిట్టరుని గుమ్మంలోనే "రండన్నయ్యా" అని పిలిచింది. ఆ ఒక్క మాటకే అతను చెప్పులు విడవడం మర్చిపోయి లోపలికి వచ్చేశాడు.

మర్నాడు ఆమె అతన్ని కొండ మలుపు దాటించి తీసుకెళ్ళింది. ఇసుకలో వరసగా చెక్క స్తంభాలు, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. ఒకదాని మీద చెక్కిన తిమింగలం, ఇంకోదాని మీద కాకి, మరోదాని మీద పడవ నిండా మనుషులు.

"మా పాత ఊరు," అంది గొంతు తగ్గించి. "మా అమ్మమ్మ చిన్నప్పుడు ఒక సాయంత్రం సముద్రం ఇళ్ళల్లోకి వచ్చేసింది. ఇళ్ళూ మనుషులూ పోయారు. ఇవి మిగిలాయి." ఒక్కో స్తంభం మీదా అరచెయ్యి పెట్టి, అది ఏ ఇంటిదో, ఆ ఇంటివాళ్ళ కథేమిటో చెప్పింది.

"ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదా అమ్మా?"

"మాట్లాడొచ్చు. కానీ వాళ్ళు పలుకుతారు."

ఫిట్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

తర్వాతి రోజు మొగుడూపెళ్ళాలిద్దరూ పడవ ఇంజనుకి సామాను కొనడానికి పట్నం వెళ్ళారు. కాసేపు ఖాళీ ఇంట్లో కూర్చునేసరికి ఫిట్టరుకి తన ఇల్లే గుర్తొచ్చింది. ఉండలేక స్తంభాల దగ్గరికి నడిచాడు.

పొద్దు వాలుతోంది. సముద్రం మీంచి పొగమంచు మెల్లగా, చప్పుడు చెయ్యకుండా వచ్చి ఒక్కో స్తంభాన్నీ మింగేసింది. నాచు వాసన. నానిన చెక్క వాసన. వాటి వెనకాల, నీళ్ళు పోసి ఆర్పిన పొయ్యి వాసన...

పడవ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అలవాటుగా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఇల్లంతా ఖాళీగా ఉందే. వచ్చెయ్యకూడదూ?"

అలల చప్పుడు ఆగిపోయింది.

"వస్తాం."

ఫిట్టరు ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ఎడమ చెవిలో వినపడింది. ఒంటి చెవితో వినేవాడికి చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలీదు. కానీ ఇప్పుడు, ఇన్నేళ్ళ తర్వాత, స్పష్టంగా తెలిసింది.

నీళ్ళలోంచి.

"నువ్వేనా?" అన్నాడు. లేచాడు. భయమేసింది. భయం కంటే ముందు సంతోషమేసింది. అదే అతన్ని ముందుకి నడిపించింది. చెప్పుల్లోకి నీళ్ళొచ్చాయి. మోకాళ్ళ దాకా వచ్చాయి.

"ఖాళీగా ఉందా?" అంది ఒక పసిగొంతు.

"పొయ్యి ఉందా?" ఒక ముసలి గొంతు.

ఆవిడ గొంతు కాదు... వీటిలో ఏదీ ఆవిడది కాదు...

వెనకనుంచి ఒక చెయ్యి చొక్కా పట్టుకుని లాగింది. అప్పుడే పట్నం నుంచి తిరిగొచ్చిన వెల్డరు భార్య. నోటి మీద వేలు పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా అతని చెయ్యి వదల్లేదు, పెదవి విప్పలేదు.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టాక అడిగింది. "ఏమన్నారు అక్కడ?"

"మా ఆవిణ్ణి రమ్మన్నానమ్మా. ఇల్లు ఖాళీగా ఉంది, వచ్చెయ్యమన్నాను."

"పేరు పెట్టి పిలిచారా?"

"పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు నాకెప్పుడూ లేదు."

ఆమె మొహం పాలిపోయింది. "మరి ఎవర్ని పిలిచారో వాళ్ళకెలా తెలుస్తుందన్నయ్యా?"

పట్నం నుంచి తెచ్చిన సామాను మూల పెడుతున్న వెల్డరు ఏదో వేళాకోళమాడబోయి, ఆమె మొహం చూసి పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాడు.

"మావాళ్ళు చెడ్డవాళ్ళు కాదు," అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది. "ఇళ్ళు లేనివాళ్ళు. అంతే."

ఉండమని ఇద్దరూ బతిమాలినా వినకుండా ఫిట్టరు తెల్లారగానే బస్సెక్కాడు. దారంతా కిటికీకి తల ఆనించుకునే కూర్చున్నాడు. తన వీధిలో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది.

మెట్ల దగ్గర కింది వాటా అక్కయ్యగారు ఎదురొచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి. చేతినిండా దుప్పట్లు పెట్టుకుని ఆయాసపడుతోంది.

"వచ్చేశారా! మీ చుట్టాలు పొద్దున్నే దిగారండీ. మీరే రమ్మన్నారటగా?"

ఫిట్టరు సంచీ కింద పెట్టాడు.

"పాపం, ముసలివాళ్ళు, చంటిపిల్లలు. ఒక్కరి ఒంటి మీదా పొడిబట్ట లేదు. మా ఇంట్లో తువ్వాళ్ళన్నీ ఇచ్చేశాను. ఇంకా చాల్లేదు. అందుకే ఈ దుప్పట్లు తెస్తున్నా."

అతను తలెత్తాడు. పైన తన వాటాలో అన్ని కిటికీల్లోనూ వెలుగు. నేల మీద అటూ ఇటూ నడుస్తున్న చాలా అడుగులు... తడి అడుగులు. పారిపోదామనుకున్నాడు. పారిపోలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని, పైవాళ్ళకి వినపడనంత మెల్లగా అడిగాడు.

"అక్కయ్యగారూ... వాళ్ళల్లో మా ఆవిడ ఉందా?"

ఆమె దుప్పట్లు గుండెకి హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

పైన అడుగులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.