గుప్పెడు బియ్యం కుండ

ఆదివారం పొద్దున. పెద్దమందడిలో ఎండ ఇంకా చురుక్కుమనలేదు. పెద్దన్న గడపలో కూర్చుని టీ తాగుతుంటే, లోపల ఇద్దరు కోడళ్ళు రెండు పొయ్యిల మీద రెండు వంటలు చేస్తున్నారు.

చిన్నకొడుకు ఉదయ్ కిరణ్, ఇంట్లో అందరూ గుడి అని పిలిచే ఊళ్ళోని పాత చర్చి వదిలి, వనపర్తి రోడ్డులో కొత్తగా వెలిసిన మందిరానికి పోవడం మొదలుపెట్టాక, పెద్దకొడుకు జయపాల్‌తో మాటామాటా పెరిగింది. ఈస్టర్ తర్వాత పొయ్యిలు వేరయ్యాయి. ఒక్క కుండ మాత్రం వేరు కాలేదు. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ దేవుని పేర ఒక గుప్పెడు ఆ కుండలో వేయడం పెద్దన్న భార్య లలితమ్మ అలవాటు. ఆమె పోయాక కూడా కోడళ్ళు మానలేదు. ఆ కుండ ఒక్కటిగా ఉన్నన్నాళ్ళు ఇల్లు ఒక్కటేనని పెద్దన్న ధైర్యం.

ఇవాళ కుండ నిండింది.

"నిరోషా, బియ్యం సంచిల పొయ్. గుడికి తీస్కపోత," అన్నాడు జయపాల్ భార్యతో.

ఉదయ్ కిరణ్ అడ్డమొచ్చాడు. "ఎట్ల తీస్కపోతవన్నా? అండ్ల మా అఖిల ఏసినయి గూడ ఉన్నయి. మా మందిరానికి ఇయ్యాలె."

"మీకు మైకులున్నయి, లైట్లున్నయి. అమ్మ కుండ గూడ కావాల్నా?"

"అమ్మ నీ ఒక్కనికేనా?"

"గయితే కుండ పంచుకుందం. నడుమల గోడ గూడ పెట్టుకుందం!"

గోడ మాట వినగానే పెద్దన్న గ్లాసు కింద పెట్టాడు. చాట తెచ్చి అందులో కుండ బోర్లించాడు. జయపాల్ కౌలు పొలంలో పండిన దొడ్డు బియ్యం, ఉదయ్ కిరణ్ కొనుక్కొచ్చిన సన్న బియ్యం కలిసిపోయి కుప్పగా పడ్డాయి.

"పంచుకోండ్రి. దొడ్డుయి పెద్దోనివి, సన్నయి చిన్నోనివి. ఒక్క గింజ అటిటు గావద్దు. అయినంక గోడకు ముగ్గు నేనే పోస్త."

పంతం కొద్దీ ఇద్దరూ కూర్చున్నారు. ముఖాలు ముడుచుకుని ఏరసాగారు. కొంతసేపటికి ఉదయ్ కిరణ్ తలెత్తాడు.

"నాయినా, నూకలెవ్వరివి?"

"మా అక్కవే. ఆమెకు చెరుగుడు రాదు," అంది అఖిల తలుపు చాటునుంచి.

"ఓహో! మరి దినాం నాతోనే ఎందుకు చెరిగించుకుంటవే?" అంది నిరోష.

పొయ్యిలు వేరైనా చాట ఒక్కటేనని మగవాళ్ళకు అప్పుడే తెలిసింది. జయపాల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. చేతిలోని గింజల్ని మళ్ళీ కుప్పలోనే వదిలేశాడు.

"నాతోని గాదు తమ్మీ. మీ మందిరానికే తీస్కపో."

"వద్దన్నా. అమ్మ ఆరాధనకు పోయిన గుడికే పోనీ. మళ్ళ నిండినప్పుడు మేం తీస్కపోతం."

"ఇగ దీనికి గూడ కొట్లాడుండ్రి," అన్నాడు పెద్దన్న.

మధ్యాహ్నం రెండు ఆరాధనలూ ముగిసి అందరూ ఇల్లు చేరాక అఖిల తన పొయ్యి వెలిగించలేదు. పొద్దున వండిన తన కూరగిన్నె తెచ్చి నిరోష గిన్నె పక్కన పెట్టింది. పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర. అందరూ ఒకే చాప మీద కూర్చున్నారు.

భోజనానికి ముందు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ప్రార్థన మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోయారు.

"నువ్వు చెయ్యన్నా."

జయపాల్ తన అలవాటు ప్రకారం మెల్లగా, పెదవులు కదిలీ కదలనట్టు ప్రార్థించాడు. మధ్యలో "మా తమ్ముని మందిరాన్ని దీవించు తండ్రీ" అన్నాడు. ఉదయ్ కిరణ్ తన అలవాటు ప్రకారం వీధికి వినబడేలా "ఆమేన్!" అన్నాడు.

పెద్దన్న కూడా ఆమేన్ అనబోయాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని, అన్నం కలిపి, మొదటి ముద్ద చిన్నవాడి కంచంలో, రెండోది పెద్దవాడి కంచంలో పెట్టాడు.