ఈ నెల పాఠం: ఐ వాంట్ టు

"ఐ వాంట్ టు డ్రింక్ టీ!"

ధనుంజయ్ చెప్పిన మొదటి ఇంగ్లీషు వాక్యానికి ఎదురు బెంచీలో ఉన్న అమ్మాయి ఉలిక్కిపడింది. చేతిలో పెన్ను జారి కింద పడింది.

"గంతగనం ఒర్రుతవేంది? ఈడ ఎవ్వలన్న చెవిటోళ్లున్నరా?" అంది.

"నేను ఒర్రిన్నా? మెల్లగనే చెప్పిన గదా!"

అదీ వీధి చివరిదాకా వినిపించింది. పాపం, అతని తప్పేం లేదు. సిరిసిల్లలో ఎనిమిది మరమగ్గాలు ఆడే ఇంట్లో పుట్టినవాడు. ఆ చప్పుడులో పక్కవాణ్ని మంచినీళ్లు అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. బట్ట కొనడానికి బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లతో తనే మాట్లాడుకోవాలని, జగిత్యాలలో జలపతి సార్ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాడు. మెడికల్ షాపు మీది గది, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి.

జలపతి సార్‌కి ఒక పద్ధతి ఉంది. నెలంతా ఒకే తీరు వాక్యాలు. ఈ నెల 'ఐ వాంట్ టు'.

"పుస్తకంలది చెప్పొద్దు. ఈ వారం మీకు నిజంగ ఏం గావాలెనో గదే చెప్పాలె. అబద్ధానికి ఇంగ్లీషు నోరు తిరగదు," అనేవారు.

రాయికల్ నుంచి వచ్చే బక్కయ్య తాత మనవడితో ఫోనులో మాట్లాడాలన్నాడు. ఎదురు బెంచీ అమ్మాయి వంతు వచ్చింది. పేరు సుమలత. కోరుట్లలో ఒక ఆసుపత్రిలో నర్సు.

"ఐ వాంట్ టు సిట్," అంది.

"కూసునే ఉన్నవు గదా!" అని నవ్వాడు ధనుంజయ్.

"పన్నెండు గంటలు నిలవడి సూడు. అప్పుడు నవ్వు."

ధనుంజయ్ నోరు మూతపడింది. అలా జరగడం సిరిసిల్లలో ఎవరూ చూసి ఉండరు.

మరుసటి ఆదివారం ఆమె వాక్యం, "ఐ వాంట్ టు ఈట్ హాట్ రైస్." డ్యూటీలో ఎప్పుడు డబ్బా విప్పినా అన్నం చల్లారిపోయి ఉంటుందట. క్లాసు కాగానే ధనుంజయ్ ఆమెను బస్టాండు ఎదుటి హోటలుకి బతిమాలి తీసుకెళ్లాడు.

"అన్నం అయిపోయింది," అన్నాడు హోటలాయన. "మిర్చి బజ్జీలున్నయ్, వేడియే."

ఇద్దరూ బజ్జీలు తిన్నారు. కారానికి ఆమె కళ్లలో నీళ్లు, ముక్కు ఎర్రబడింది, అయినా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూశాక ధనుంజయ్‌కి వారానికి ఏడు రోజులుండటం మహా అన్యాయం అనిపించింది.

మూడో ఆదివారం ఆమె రాలేదు. ఫోను ఎత్తలేదు. అతను వారమంతా తిన్నాడా అంటే తిన్నాడు, పడుకున్నాడా అంటే పడుకున్నాడు, కానీ ఏదీ ఒంటికి పట్టలేదు.

నాలుగో ఆదివారం ఆమె వచ్చింది. సార్ రాకముందే, బెంచీ మీద గీతలు గీస్తూ చెప్పింది.

"బుధవారం నన్ను సూడనీకి కరీంనగర్ నుంచి వస్తుండ్రు. మా నాయిన మాటిచ్చిండు."

ధనుంజయ్ బెంచీ అంచుకు జరిగాడు. "నీకిష్టమేనా?"

"ఏమో. నీకేం గావాలె అని మా ఇంట్ల ఎవ్వలను ఎవ్వలం అడుగం. పని దొరికితే పోతం, లేకుంటే లేదు. గంతే."

ఆ రోజు వాక్యాలు చెప్పేటప్పుడు ఆమె "ఐ వాంట్ టు..." అని ఆగిపోయింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. సార్ పక్కవాళ్లను అడిగారు. ధనుంజయ్ వంతు రాగానే అతను టీ అన్నాడు.

"నిజం చెప్పు," అన్నారు సార్.

ధనుంజయ్ తల వంచుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాల్సిన మనిషి ఎదురు బెంచీలో ఉంది, చుట్టూ పదిహేను మంది ఉన్నారు.

క్లాసు అయ్యేసరికి వాన. సుమలత కోరుట్ల బస్సెక్కేసింది. ధనుంజయ్ వానలో పరిగెత్తి అదే బస్సెక్కాడు. బస్సు నిండా ఆడవాళ్లు. ఇంజను మోగుతోంది, అద్దాలు గడగడలాడుతున్నాయి. ఇంత చప్పుడులో తన మాట ఆమెకొక్కదానికే వినబడుతుందని అతని ధైర్యం. వంగి మొదలుపెట్టాడు. అప్పుడే డ్రైవరు టీకి దిగుతూ ఇంజను ఆపేశాడు. ధనుంజయ్ ఆపలేదు.

"సుమలతా! బుధవారం వాళ్లను రావద్దను! నాకు నువ్వు గావాలె! నిన్నే పెండ్లి చేసుకుంట!"

బస్సులో తలలన్నీ అతని వైపు తిరిగాయి.

"టికెట్ యాడికి తమ్మీ?" అంది కండక్టరమ్మ.

"సి... సిరిసిల్లకు."

"గిది కోరుట్ల పోతది."

బస్సు గొల్లుమంది. వెనక సీటులోని ముసలమ్మ ముందుకు వంగింది.

"ఏసుబాబు బిడ్డవు గాదా నువ్వు? నేను లసుమవ్వను, మీ వాడకట్టే. గీ పిలగాడెవ్వలు బిడ్డా?"

సుమలత మొహం పాలిపోయింది. "దిగు," అంది అతనితో.

"సుమలతా, నేను మెల్లగనే..."

"దిగమంటున్న!"

దిగాడు. డ్రైవరు టీ తాగి వచ్చాక బస్సు వెళ్లిపోయింది. అతను వానలోనే నిలబడ్డాడు. లసుమవ్వ బస్సు దిగేదాకా కూడా ఆగదని, ఫోనులోనే వాడకట్టంతా చెప్పేస్తుందని అతనికి తెలుసు. ఆమెను పోగొట్టుకున్నది చాలక నలుగురి నోళ్లలో వేశానని తనను తానే తిట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నుంచి 'సారీ' అని రాయడం, చెరపడం. మగ్గం మీద పోగులు తెగుతున్నా చూడలేదు.

"సోయి యాడున్నదిరా నీకు?" అని తండ్రి రాజం రెండుసార్లు అరిచాడు.

సాయంత్రం ఫోను మోగింది. సుమలత పేరు. పెరట్లోకి పరిగెత్తాడు.

"సుమలతా!"

"సుమలత గాదు. వాళ్ల నాయినను. బస్సుల ఒర్రినోనివి నువ్వేనా?"

"నేనే సార్."

"ఏందీ? వినస్తలేదు."

"నేనే సార్. తప్పయింది."

"తప్పే. నా బిడ్డ బస్సు దిగి తల వంచుకొని ఇంటికొచ్చింది. నిన్ను దొరకవట్టి కొడుదామనుకున్న," అన్నాడు ఏసుబాబు. "పొద్దుగాల బిడ్డనడిగిన, బుధవారం వాళ్లను రమ్మననా అని. వద్దు నాయినా, నాకు గా పిలగాడే గావాలె అన్నది. ఇరవై నాలుగేండ్లల్ల గిది గావాలె అని నన్ను ఒక్కటడగలే. గాజులు గూడ అడగలే. నర్సు చదువుమంటే చదివింది, డ్యూటీకి పొమ్మంటే పోయింది. నోరిడిసి అడుగుడు గిదే మొదలు. నేనెట్ల కాదంట?"

ధనుంజయ్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఇను. మేం చర్చికి పోయేటోళ్లం. కూలి చేసుకొని బతికినోళ్లం. మీ అవ్వకు, నాయినకు గిదంత చెప్పి, వాళ్లను తోల్కొని రా. చెప్పే ధైర్యం లేకుంటే నా బిడ్డను మర్చిపో."

ఫోను పెట్టేశాడు. ధనుంజయ్ లోపలికి వెళ్లి కరెంటు మెయిన్ ఆపేశాడు. ఎనిమిది మగ్గాలూ ఒక్కసారి ఆగాయి. రాజం, నూలు కండెలు సర్దుతున్న తల్లి ఎల్లవ్వ తలెత్తి చూశారు. అతను అన్నీ చెప్పాడు. బస్సు సంగతి, చర్చి సంగతి, ఏదీ దాచలేదు.

"ఇంగ్లీషు నేర్సుకొమ్మని పంపితే నువ్వు నేర్సుకున్నది గిదా?" అన్నాడు రాజం. మళ్లీ తనే, "మనోళ్లు ఏమంటరో ఎరికేనా?"

"ఎరికె నాయినా. అయినా నాకు సుమలతే గావాలె."

రాజం తెగిన పోగు అందుకున్నాడు. ముడి వేశాడు. ఇంకొకటి వెతికి ముడి వేశాడు. ధనుంజయ్‌కి ఆ రెండు ముళ్లకూ ఒక ఏడాది పట్టినట్టుంది.

ఎల్లవ్వ చేతులు దులుపుకుని లేచింది.

"ఆదివారం పొద్దుగాల వాళ్లు ప్రార్థనకు పోతరు. వాళ్లు ఇంటికొచ్చినంక మనం పగటాళ్ల పోదాం," అని మొగుడి వైపు చూసింది. "నీ తెల్లంగి ఇస్త్రీకియ్యి."

రాజం కొడుకు వైపు చూడకుండానే అడిగాడు.

"పండ్లు కోరుట్లల కొందామా, ఈడనే కొనుక్కపోదామా?"