అనుమానానికి కోడ్ లేదు

"ఈ తప్పు నాది కాదు సార్. తీసేయండి."

నా టేబుల్ ముందు నిలబడి ఆ మాటన్న అమ్మాయిని తలెత్తి చూడడానికి నేను కాస్త టైమ్ తీసుకున్నాను. ఆడిటర్ అన్నాక ఆ మాత్రం బిగువు ఉండాలి. తలెత్తాక ఆ బిగువు నిలబెట్టుకోవడం కష్టమైంది. పెద్ద కళ్ళు, ఆ కళ్ళలో నా మీద ఇంత కోపం. అంత కోపంలోనూ మనిషి బాగుంది, ఏం చేస్తాం.

తిరువళ్ళూరులో గుడి తేరు నిలిపే తేరడి దగ్గర, బట్టల షాపు పైన మా ఆఫీసు. అమెరికాలో ఎవరికో కాలు వాస్తే అక్కడి డాక్టరు రాసిన ఛార్టు ఇక్కడ మా కంప్యూటర్లలోకి వస్తుంది. చదివి, ఆ జబ్బుకు తగిన నెంబరు వేయడం కోడర్ల పని. వాళ్ళు వేసిన నెంబర్లలో తప్పులు పట్టడం నా పని. ఈ పని చేసేవాణ్ణి ఎవరూ ప్రేమించరు. క్యాంటీన్‌లో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

ఆ అమ్మాయి పేరు భార్గవి. ట్రైనింగ్ ముగించుకుని టీమ్‌లోకి కొత్తగా వచ్చింది. ఆమె చేసిన ఛార్టులో డాక్టరు, పేషెంటు పిక్కల మీద ఎర్రటి గడ్డలు ఉన్నాయని రాసి, చివర ఒక ప్రశ్నార్థకం పెట్టి ‘పానిక్యులైటిస్’ అన్నాడు. చర్మం కింద ఉండే కొవ్వు పొర వాచిపోయే జబ్బు అది. భార్గవి ఆ జబ్బు నెంబరే వేసేసింది. వేయకూడదు. వచ్చి చూపించుకుని వెళ్ళిపోయే పేషెంట్ల విషయంలో డాక్టరు ‘అయి ఉండవచ్చు’ అన్నదాన్ని మేము లెక్కలోకి తీసుకోం. కంటికి కనిపించిన గడ్డకే నెంబరు.

"అనుమానానికి కోడ్ లేదు," అన్నాను, నాకు బాగా నచ్చిన గొంతుతో.

"గడ్డలు ఉండాయి. ఎర్రగా ఉండాయి. నెలలుగా పోలేదని రాసినాడు. ఇంకేం కావాలంట మీకు?"

"బయాప్సీ రిజల్ట్ కావాల."

"అంతవరకూ ఆ మనిషిది పేరు లేని జబ్బా?"

జవాబు చెప్పేలోపే వెళ్ళిపోయింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆడిటర్ పట్టిన తప్పును కోడర్ ఒప్పుకోకపోతే రెండు రోజుల్లోపు రిబటల్ రాయాలి, అంటే ఎదురు వాదన. రాయకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. భార్గవి పేజీ నిండా రాసింది. నేను కాదన్నాను. మళ్ళీ రాసింది. మళ్ళీ కాదన్నాను. మా టీమ్ లీడ్ సుగంధి విసిగిపోయి, మీరిద్దరూ పెళ్ళన్నా చేసుకోండి, బయటికెళ్ళి కొట్టుకునన్నా చావండి, నా మెయిల్ మాత్రం నింపకండి అని తమిళంలో అందరి ముందూ తిట్టింది. ఆఫీసంతా నవ్వింది. భార్గవి నవ్వలేదు. నేను మాత్రం ఆ తిట్టులో మొదటి సగాన్ని ఇంటిదాకా మోసుకుపోయాను.

ఇంటికి పోవడమంటే తిరుత్తణి దాకా రైలు, అక్కడినుంచి మా అత్తిమంజేరిపేటకి బైకు. భార్గవిది తిరుత్తణే. వాళ్ళ నాయన వేలాయుధం మగ్గం నేస్తాడు. ఒకే సాయంత్రం రైల్లో రోజూ ఎదురెదురు కూర్చుని ఎంతకాలమని మొహాలు తిప్పుకుంటాం? ఒక వాన రోజు కడంబత్తూరులో కిటికీ షట్టర్ పడక నేను తడిసి ముద్దయితే, ఆడిటర్ సార్‌కి షట్టర్ వెయ్యడం రాదని పక్కావిడతో చెప్పి నవ్వింది. ఆ మరుసటి రోజు నుంచి మా మాటలు సాగాయి. సినిమాలు, మా చెరుకు తోట, వాళ్ళ నాయన నేసే చీరల అంచులు, సుగంధి మీద చాడీలు. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఒక్క ఆ పానిక్యులైటిస్ ఛార్టు సంగతి ఎత్తితే మాత్రం ఆమె మొహం మాడిపోయేది. ఎంత మొండిదబ్బా అనుకునేవాణ్ణి.

ఇంకో వాన సాయంత్రం, మణవూరు దాటాక, నాకు నువ్వంటే ఇష్టం అని చెప్పేశాను. ఆమె కిటికీలోంచి అరక్కోణం దాకా బయటికి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత వాన తగ్గినట్టుందే అంది. అంతే.

మరుసటి రోజూ జవాబు లేదు. ఆ పై రోజూ లేదు. నా తెలివి ఊరుకోదు కదా, మూడో రోజు రైలెక్కగానే అన్నాను, "రెండు రోజులు అయిపోయినాయి. రిబటల్ రాలేదు. అంటే ఒప్పుకున్నట్టే లెక్క."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అది తప్పులకి మోహిత్. మనుషులకి కాదు."

పెట్టెలో జనం పలచబడ్డాక, చుడీదార్ ప్యాంటు అంచు పిక్క దాకా ఎత్తింది. నేరేడు పండు రంగులో గడ్డలు. ఒకటి పగిలి ఆరి నల్లటి మచ్చ కట్టింది.

"చెన్నైలో డాక్టరు చూసినాడు. ఆయనా ప్రశ్న గుర్తే పెట్టినాడు. ముక్క తీసి పరీక్షకి పంపినారు. పోయిన తడవ అంత కొట్లాడినానే, అది ఎవురో అమెరికా మనిషి కోసం అనుకున్నావా?"

నా నోట వచ్చినవేమో ఆడిటర్ మాటలు. ఎప్పటినుంచి? రెండు కాళ్ళకా, ఒక కాలికా? జ్వరం వస్తాదా? బరువు తగ్గినావా? ఇంట్లో ఇంకెవరికైనా ఉండాదా? అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది. చెప్పి, ఛార్టు నిండినాదా, సరి అని లేచి వెళ్ళి వాకిలి దగ్గర నిలబడింది. తిరుత్తణి దాకా మళ్ళీ వచ్చి కూర్చోలేదు. నేను అన్నీ బాధ్యతగా అడిగాను కదా, ఈమెకు కోపం ఎందుకొచ్చిందో అర్థం కాక నేనూ అలిగి కూర్చున్నాను.

రిజల్ట్ వచ్చేదాకా నాకు తిండి సయించలేదు. మాలాంటివాళ్ళతో పెద్ద తంటా ఏమిటంటే జబ్బుల పేర్లన్నీ తెలుసు, జబ్బు తెలియదు. చర్మం కింద గడ్డ అనగానే నా బుర్రలో వరసగా వచ్చి నిలబడిన పేర్లలో ఒక్కటీ మంచిది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. డాక్టర్ శివప్రకాశం చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. పానిక్యులైటిసే. ఒంట్లో ఎక్కడో దాక్కున్న టీబీ క్రిమికి ఒళ్ళు తిరగబడి ఇలా కాళ్ళలో చూపిస్తోంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఎవరికీ అంటదు. నెలల తరబడి మాత్రలు మానకుండా వేసుకోవాలి. వేసుకుంటే పూర్తిగా నయమవుతుంది.

"ఇప్పుడు పేరు దొరికింది. ఇప్పుడు చెప్పు, నీ మాట అదేనా?"

"అదే. నాకేం మారలేదు."

"నీకు మారలేదు. మీ అమ్మకి?"

ఆ ప్రశ్నలోనే ఆమె ఒప్పుకోలు ఉంది. చిక్కూ అక్కడే వచ్చింది. మా అమ్మ గోవిందమ్మ, నాయన పోయాక చెరుకూ వేరుశనగా తానే చూసుకుంటూ, కూలీల దగ్గర్నుంచి ఫ్యాక్టరీవాళ్ళ దాకా అందరినీ ఒక్క కేకతో నిలబెట్టే మనిషి. మేము సేద్యగాళ్ళం, వాళ్ళు నేతవాళ్ళు అని ఈ సంబంధం మాట ఎత్తగానే నాతో మాట్లాడడం మానేసింది. అలిగింది, ఏడ్చింది, చివరికి పిల్లను చూస్తాను, చూశాకే మాట అంది. అంత దూరం రావడమే గొప్ప.

వేలాయుధం నన్ను బజారులో టీ కొట్టు పక్కకు పిలిచి చేతులు పట్టుకున్నాడు. ఆయనకు నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి.

"అయ్యా, ముందే మేము నేతోళ్ళం. దానికి తోడు టీబీ అనే పేరు కూడా చెప్తే మీ అమ్మ గడప దిగి పోతాది. ఆమె పోతే ఊరంతా అడగతారు ఎందుకు పోయినాదని. మందులు తింటే పోయేదానికి నా బిడ్డ పేరు చెడిపోవాల్నా? కాళ్ళు చీర కింద ఉండాయి, ఉండనీ."

ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. సరే అని చెప్పడానికీ రాలేదు.

మా ఉద్యోగంలో మొదటి రోజే నేర్పిస్తారు, ఛార్టులో ఉన్నది ఆ మనిషిది, చెప్పే హక్కు నీకు లేదని. కానీ ఎదుట ఉండబోయేది అమెరికా కంపెనీ కాదు, నన్ను కన్న తల్లి. చెబితే భార్గవికి ద్రోహం, చెప్పకపోతే అమ్మకు. భార్గవినే అడిగాను ఏం చేద్దామని. ఏం చేస్తానో నాకే తెలియదు అంది.

"నువ్వు మాత్రం నోరు తెరవొద్దు. నా కాలు గురించి నా ముందు ఇంకొకరు చెప్తే, అది నువ్వైనా సరే, నేను ఉండను."

ఆదివారం పొద్దున అమ్మను తీసుకుని తిరుత్తణి వెళ్ళాను. వీధి నిండా కొండ మీది గుడికి కావళ్ళు మోసుకుపోయే జనం, డప్పులు. వేలాయుధం ఇంట్లో మగ్గం ఆపేసి, దాని మీద దుప్పటి కప్పారు. నాకొక కుర్చీ వేశారు. అమ్మ కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది.

భార్గవి కాఫీ తెచ్చింది. వాళ్ళ నాయన నేసిన ముదురు పచ్చ చీర. చూసీ చూడనట్టు నన్నొకసారి చూసింది. వేరే రోజైతే ఆ చూపుకు ఒక వారం బతికేవాణ్ణి.

"నా పక్కన కూర్చో పాపా," అంది అమ్మ.

భార్గవి కాళ్ళు మడిచి చాప మీద కూర్చుంది. కూర్చునేటప్పుడు కింది పెదవి పళ్ళ కింద నొక్కుకోవడం నేను చూశాను. అమ్మ తీరిగ్గా మాటల్లో పడింది. ఉద్యోగం సంగతి అడిగింది, కేసరి ఎవరు చేశారని అడిగింది, చీర అంచు వేళ్ళ మధ్య నలిపి నేత బాగుందని మెచ్చుకుంది. వేలాయుధం గోడకు ఆనుకుని, మెచ్చుకున్న ప్రతిసారీ ఊపిరి వదులుతున్నాడు. భార్గవి నుదుటి మీద చెమట పట్టింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ఉన్నట్టుండి అమ్మ సంచిలోంచి మూరెడు మల్లెపూలు తీసింది. మా వైపు పిల్ల తలలో అత్త పూలు పెట్టిందంటే మాట అయిపోయినట్టే, ఇక వెనక్కి పోవడం ఉండదు. అంటే అమ్మ ఇంట్లోంచే మనసు మార్చుకుని వచ్చింది, నాకు చెప్పలేదు. అమ్మ చేయి భార్గవి జడ దగ్గరికి పోయింది.

భార్గవి తల పక్కకు తీసింది.

"అత్తా, ఉండండి. పూలు పెట్టకముందు ఒకటి చూడాల మీరు."

వేలాయుధం వద్దమ్మా అన్నాడు, ఆ మాట సగంలోనే ఆగిపోయింది. భార్గవి కాళ్ళు చాపి, చీర అంచు పిక్కల దాకా తీసింది.

"ఇది టీబీతో వచ్చినాది. ఊపిరితిత్తుల్లో లేదు, ఎవురికీ అంటదని డాక్టరు చెప్పినాడు. మాత్రలు తింటా ఉండాను. మోహిత్‌కి తెలుసు. చెప్పొద్దని నేనే అన్నాను, ఆయన్ని ఏమీ అనొద్దండి."

అమ్మ నన్ను చూసింది. నేను తల దించుకోలేదు, అదొక్కటే ఆ పూట నేను చూపించిన మగతనం. వీధిలో కావడి డప్పు మా వాకిలి ముందు నుంచి పోయి దూరమైంది.

అమ్మ పూలు పళ్ళెంలో పెట్టేసింది.

అయిపోయింది అనుకున్నాను. వేలాయుధం చేత్తో కళ్ళు మూసుకున్నాడు. అమ్మ జాకెట్లోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి, ఆ గడ్డల్ని దగ్గరగా చూసింది. ముట్టుకోబోయి చేయి ఆపుకుంది.

"నొప్పి ఉండాదా పాపా?"

డాక్టర్లకు, వాళ్ళ నాయనకు, నాకు, అందరికీ గడగడా జవాబులు చెప్పిన భార్గవి దగ్గర దీనికి జవాబు సిద్ధంగా లేదు.

"ఉండాది అత్తా. కింద కూర్చుంటే ప్రాణం పోతాది."

అంటూనే ఏడ్చేసింది. ఆమె ఏడవగా చూడడం నాకదే మొదలు. ఇన్నాళ్ళూ ఎన్ని ప్రశ్నలేశాను, ఆ ఒక్కటి ఎందుకు అడగలేదురా దేవుడా అని నా మీద నాకే అసహ్యమేసింది.

"అట్లయితే నేను కూర్చోమంటే కూర్చునేస్తావా? నాకు నొప్పి అని చెప్పే నోరు లేదా?" అమ్మ కేకేసింది. పొలంలో వేసే కేకే. కానీ చేయి భార్గవి వీపు మీద నిమురుతోంది. తర్వాత నా వంతు వచ్చింది. "తెలిసి కూడా కుర్చీలో కూర్చోని చూస్తా ఉండావా? లెయ్‌రా."

లేచాను. భార్గవిని నా కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మే లోపలికి పోయి దిండు తెచ్చి నా చేతికిచ్చింది. ఒక పీట లాగి, దాని మీద దిండు వేసి, ఆమె కాళ్ళు మెల్లగా ఎత్తి పెట్టాను. అమ్మ వేలాయుధం వైపు తిరిగి, అన్నా, మందులు ముగిసినాకే ముహూర్తం పెట్టుకుందాం, కాళ్ళు నొప్పి పెడితే పిల్ల పీటల మీద ఎట్లా కూర్చుంటాది అంటోంది. ఆయన తలూపుతూ పైగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు.

నేను ఇంకా కిందే కూర్చుని ఉన్నాను. తలెత్తి, ఆమెకు మాత్రమే వినిపించేలా అడిగాను.

"చానా నొప్పిగా ఉండాదా?"

"ఇప్పుడా అడిగేది?" అంది, కళ్ళు తుడుచుకుంటూ. అమ్మ వెనకనుంచి వచ్చి జడలో మల్లెపూలు పెడుతుంటే కదలకుండా కూర్చుంది. తర్వాత కొంచెం ముందుకు వంగి నా జుట్టు చెరిపింది.

"ఉండాది. రోజూ అడుగు, చెప్తా."