తోడు మేక

మేక పోయింది.

బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పోయినట్టు తెలిసింది. టైమ్ ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం ట్రెక్కింగ్ గైడ్ జిగ్మెత్ చేతి వాచీ. లడఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిలో మందలు కాసుకునేవాళ్ళకు వాచీలు ఉండవు. వాటితో పనీ ఉండదు.

మూడు వందల మేకల్లో ఒకటి పోతే ఇక్కడ ఎవరూ పోలీసులకు కబురు పెట్టరు. తోడేలుకు పోతాయి, మంచుకు పోతాయి. రెండు రోజులు బాధపడి ఊరుకుంటారు. మంద యజమానురాలు స్పాల్జెస్ మాత్రం ఊరుకోలేదు. గుర్రం మీద రోడ్డు వైపు వెళ్తున్న ఒకతన్ని ఆపి, నోటిమాటగానే కంప్లైంట్ చెప్పి పంపింది.

ఎందుకంటే అది ఆమె కూతురి మేక.

కూతురు కున్జెస్‌కు తొమ్మిదేళ్ళు. ఊపిరితిత్తుల జబ్బు. రెండు నెలలుగా లేహ్‌లో, ఆసుపత్రిలో ఉంది. చిన్నాన్న దగ్గరుండి చూసుకుంటున్నాడు. పిల్లను పంపిన రోజే లామాను పిలిపించి, ఒక తెల్ల మేకపోతును ఆమె ఆయుష్షు కోసం విడిచిపెట్టారు. చెవికి ఎర్ర ఉన్ని కుచ్చు కట్టారు. కొమ్ములకు వెన్న రాశారు. ఇక దాన్ని అమ్మరు, కొయ్యరు. అది చల్లగా ఉన్నంతకాలం పిల్ల చల్లగా ఉంటుందని స్పాల్జెస్ నమ్మకం.

కబురు గురువారం సాయంత్రం చెక్‌పోస్ట్‌కు చేరింది. విని అక్కడి కానిస్టేబుల్ నవ్వాడు.

"మేక కోసం రెండు రోజులు నడుస్తారా సార్?"

"చెవికి ఎర్ర కుచ్చు ఉందట," అన్నాడు ఏఎస్ఐ గుర్మెత్.

కానిస్టేబుల్ జమ్మూవాడు. అతనికి అర్థం కాలేదు. గుర్మెత్ మందలవాళ్ళ నల్ల గుడారంలో పుట్టినవాడు. యాభై రెండేళ్ళు, అరిగిన మోకాళ్ళు. శుక్రవారం తెల్లవారుతూనే బయల్దేరాడు.

మొదటిరోజు నాలుగుసార్లు వాగు దాటాడు. ప్రతిసారీ నీళ్ళు మోకాళ్ళను కొరికాయి. తెలిసిన మందవాళ్ళ గుడారంలో పడుకున్నాడు. రెండోరోజు కనుమ ఎక్కుతూ పది అడుగులకోసారి ఆగాడు. ఇరవై రెండేళ్ళ వయసులో ఇదే కనుమను మేకల వెంట పరిగెత్తుతూ ఎక్కినవాడే. ఉద్యోగం మనిషిని ఇలా చేస్తుంది మరి.

శనివారం, పన్నెండు నలభై. మంద దిగిన చోటికి చేరాడు.

వాగుకు ఇవతల స్పాల్జెస్, ఆమె భర్త థిన్లెస్‌ల నల్ల గుడారం. అవతల ట్రెక్కింగ్ వాళ్ళ పసుపుపచ్చ టెంట్లు. నలుగురు ట్రెక్కర్లు మూడు రోజులుగా అక్కడే ఇరుక్కుపోయి విసుక్కుంటున్నారు. వాళ్ళ సామాను మోసే ఆరు గుర్రాలను స్పాల్జెస్ తన గుడారం ముందు కట్టేసుకుంది. పక్కనే రాయి మీద గుర్రాల మనిషి గ్యాల్త్సన్ దిగాలుగా కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ ఆరు గుర్రాలే అతని బతుకు.

స్పాల్జెస్ పాలు పితుకుతోంది. మేకలు రెండు వరసల్లో ఎదురెదురుగా, మెడలు పెనవేసి, ఒకే తాడుతో కట్టి ఉన్నాయి. ఆమె ఆగలేదు, తల తిప్పలేదు.

"వచ్చారా? తోడేళ్ళు మీకంటే త్వరగా వస్తాయి."

"నిజమేలే చెల్లీ. చివరిసారి మేకను ఎప్పుడు చూశావు?"

"బుధవారం మిట్టమధ్యాహ్నం. గుడారం చుట్టూనే తిరుగుతోంది. నేను ఉన్ని కడుక్కోవడానికి వాగుకు పోయాను. తిరిగొచ్చేసరికి లేదు."

"అప్పుడు మంద ఎక్కడుంది?"

"పైన. కాపలా వంతు పక్క గుడారం వాళ్ళది. ఇక్కడ మేకపిల్లల దొడ్డి, అందులో కూనలు, వాటికి తోడు ఒక ముసలి మేక. అంతే."

"లెక్క ఎప్పుడు పెట్టావు?"

"సాయంత్రం, మంద దిగొచ్చాక. అన్నీ ఉన్నాయి. అదొక్కటే లేదు."

"మూడు గంటలకు పెట్టలేదా?"

ఆమె చేతులు ఆగాయి. "అప్పుడు లెక్కలు పెట్టే స్థితిలో ఉన్నానా అన్నా? అరుచుకుంటూ పరిగెత్తాను. వీళ్ళ టెంట్లన్నీ వెతికాను."

"ఎవరి మీద అనుమానం?"

"అనుమానమేంటి? ఆ రాయి మీద కూర్చున్నాడు చూడు, వాడే."

"అక్కా, నీకు దండం పెడతా!" గ్యాల్త్సన్ లేచాడు. "నేను తియ్యలేదు!"

"మంగళవారం మా పచ్చిక మీదికొచ్చిన నీ గుర్రాలను నేను రాళ్ళతో కొడితే, నీ మేకలు మాయమైపోతాయి చూడు అన్నావా లేదా?"

"కోపంలో అన్నాను. నాలుకే కదా, కాలిపోనీ."

"మరి నీ సంచిలో ఎర్ర ఉన్ని?"

"గుర్రాల కళ్ళేలకు కట్టేది అక్కా! చూడు, ఆరింటికీ ఉంది!"

గుర్మెత్ చూశాడు. నిజంగానే ఆరింటికీ ఉంది. గ్యాల్త్సన్‌ను పక్కకు తీసుకెళ్ళాడు.

"బుధవారం పన్నెండు నుంచి మూడు వరకు ఎక్కడున్నావు?"

"గుర్రం నాడా ఊడింది. బాగుచేసుకుంటున్నాను. వంటవాడు చూశాడు."

"ఇంకేదైనా వింతగా కనిపించిందా?"

గ్యాల్త్సన్ కాస్త ఆలోచించాడు. "మంగళవారం పదకొండింటికి దిగాం. మా గైడ్ వచ్చీ రాగానే ఈవిడ భర్తను రాయి చాటుకు తీసుకెళ్ళాడు. అరగంట కూర్చున్నారు. కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడుకున్నట్టు లేదు సార్."

జిగ్మెత్‌ను పిలిచాడు.

"థిన్లెస్‌తో ఏం మాట్లాడావు?"

"పచ్చిక గురించి సార్."

"అరగంటా?"

"అంత లేదేమో."

"వాచీ ఉన్నవాడివి. ఏమో అంటావేంటి?"

జిగ్మెత్ వాచీ వైపే చూస్తూ నిలబడ్డాడు.

థిన్లెస్ గుడారం వెనక తాడు పేనుతున్నాడు. బుధవారం తప్పిపోయిన యాక్‌లను వెతకడానికి వెళ్ళి పొద్దు వాలాక వచ్చానన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. అతని ఎడమ చెవి తమ్మెకు ఖాళీ రంధ్రం ఉంది. చుట్టూ చర్మం తెల్లగా, ఎండ తగలనట్టు ఉంది.

"పోగు ఏది?"

"వాగులో పడిపోయింది."

 గుర్మెత్ పోతూ పోతూ పిల్లల దొడ్డిలోకి తొంగిచూశాడు. ముసలి మేక నెమరేస్తోంది. దాని ముందు ఎడమ గిట్ట అంచు విరిగి ఉంది.

ఆదివారం, ఉదయం ఐదున్నర.

గుర్మెత్ ఒక్కడే పై కనుమ వైపు నడిచాడు. వారంగా కొత్త మంచు పడలేదు. వాగు ఒడ్డున బురద మీద ఏమీ మిగల్లేదు, మంద తొక్కేసింది. గంటన్నర ఎక్కాక పాత మంచు వచ్చింది. మధ్యాహ్నం మెత్తబడి రాత్రికి గడ్డకట్టే మంచు అది. అడుగుల్ని దాచుకుంటుంది.

మనిషి బూట్లు. పక్కనే మేక గిట్టలు. ఇంకో మేక గిట్టలు. రెండో దాని ముందు ఎడమ గిట్ట అంచు విరిగి ఉంది.

ఎక్కడా ఈడ్చిన గుర్తు లేదు. కనుమ దాటి అవతలికి, చిన్న గొంపా, అంటే బౌద్ధ మఠం, ఉన్న లోయలోకి దిగాయి.

అదే మంచు మీద తిరుగు అడుగులు. అవే బూట్లు. పక్కన విరిగిన గిట్ట. అంతే.

ఇక లోయలోకి దిగాల్సిన పని లేదు. మేక ఎక్కడుందో తెలిసింది. ఎవరు తీసుకెళ్ళారో తెలిసింది. ఎందుకో కూడా తెలిసింది. పాతికేళ్ళ సర్వీసులో మొదటిసారి, తెలియకుండా ఉంటే బాగుండును అనిపించింది.

దిగి వచ్చేసరికి మంత్రాలు చెక్కిన రాళ్ళు పేర్చిన మణి గోడ దగ్గర థిన్లెస్ నిలబడి ఉన్నాడు.

"చూశారా సార్?"

"చూశాను. పిల్ల ఎప్పుడు పోయింది?"

థిన్లెస్ గోడను పట్టుకుని కూలబడ్డాడు. 

"పది రోజుల కింద, గురువారం. తమ్ముడు ఉత్తరం రాసి జిగ్మెత్‌కిచ్చాడు. నాకు చదువు రాదు. అతనే చదివాడు. మీరు రోడ్డు ఎక్కి వచ్చేదాకా ఉంచలేం, ఆ ఆదివారమే దహనం అని రాశాడు."

"అందుకే చెవిపోగు తీశావు, చావు ఇంట్లో తీసినట్టు."

"అదైనా చెయ్యకపోతే ఎట్లా సార్? దాని అయ్యను కదా."

"మరి మేక?"

"మా ఆవిడ రోజూ పొద్దున దానికి బార్లీ పిండి పెడుతుంది సార్. తింటుంటే దాని చెవిలో చెప్తుంది, మా కున్జెస్ ఇవాళ బాగుంది, మా కున్జెస్ ఇవాళ గంజి తాగింది అని. బుధవారం పొద్దున కూడా చెప్పింది. నేను వింటున్నాను." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మేక కనబడకపోతే తనంతట తనే అర్థం చేసుకుంటుంది అనుకున్నాను. నా నోటితో చెప్పక్కర్లేదు అనుకున్నాను. గొంపాలో పిల్ల పేరు మీద ఇచ్చేశాను. ఆమేమో దొంగ ఎత్తుకెళ్ళాడంది. దొంగ దొరికితే మేక దొరుకుతుంది, మేక దొరికితే పిల్ల బతుకుతుంది అని కూర్చుంది. తోడేలు తినేసిందని రాయండి సార్."

"తోడేలంటే మేక చచ్చినట్టే కదా. ఆమెకు రెండూ ఒకటే."

"దొరకలేదని రాయండి."

"అప్పుడు ఆ గ్యాల్త్సన్ జన్మంతా దొంగే. ఎర్ర కుచ్చు మేకను ఎత్తుకెళ్ళినవాడిని ఏ గుడారమూ టీకి కూడా పిలవదు. అది నీకూ తెలుసు." గుర్మెత్ అతని భుజం పట్టుకున్నాడు. "పాలు పితకడం అయ్యేదాకా టైమ్ ఇస్తాను. నువ్వే చెప్పు."

మధ్యాహ్నం రెండున్నర. పాలు అయ్యాయి. స్పాల్జెస్ తాడు కొస పట్టి ఒక్క గుంజు గుంజింది. మేకలన్నీ విడిపోయాయి.

థిన్లెస్ చెప్పలేదు. గుడారం గుంజ దగ్గర నిలబడి, మూడుసార్లు నోరు తెరిచి మూశాడు.

గుర్మెత్ అందరినీ లోపలికి పిలిచాడు. స్పాల్జెస్ వెన్న టీ పోసింది. గ్యాల్త్సన్‌కు పొయ్యలేదు.

"చెప్పండి సార్. వీడేనా?"

"కాదు చెల్లీ."

"మరెవరు?"

గుర్మెత్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. వేడి కోసం కాదు.

"నువ్వు పుట్టినప్పటి నుంచీ మేకల్ని చూస్తున్నావు. ఒక్క మేకను మందలోంచి విడదీసి కనుమ ఎక్కించగలవా?"

"ఎక్కదు. అరుస్తుంది, వెనక్కి లాగుతుంది."

"ఎక్కించాలంటే?"

"ఇంకో మేకను తోడు తీసుకెళ్ళాలి. ఈ మాత్రం తెలియనివాళ్ళెవరు?"

"ఆ దొంగకూ తెలుసు. దొడ్డిలో ముసలి మేకను తోడు తీసుకెళ్ళాడు. మూడు గంటలకు నువ్వు లెక్క పెట్టి ఉంటే రెండు తగ్గేవి. సాయంత్రం పెట్టావు కాబట్టి ఒకటే తగ్గింది. అప్పటికి తోడు మేకను వెనక్కి తెచ్చి దొడ్లో కట్టేశాడు. మంచు మీద విరిగిన గిట్ట అచ్చు నేను చూశాను. పోయేటప్పుడూ ఉంది, వచ్చేటప్పుడూ ఉంది."

"అయితే?"

"దొంగ రెండింటినీ తీసుకుపోతాడు చెల్లీ. కూనలకు తోడు ఉండదని జాలిపడి ఒకదాన్ని తెచ్చి కట్టేది దొంగ కాదు. సొంతవాడు."

 స్పాల్జెస్ భర్త వైపు చూడలేదు. గుర్మెత్‌నే చూస్తోంది.

"ఈయనెందుకు తీసుకెళ్తాడు? పిల్ల మేక అది. ఈయనకేం పని?"

  జిగ్మెత్ తలవంచుకుని ఏడుస్తున్నాడు. గ్యాల్త్సన్ జిగ్మెత్‌ను చూశాడు, థిన్లెస్ చెవిని చూశాడు. అతనికి అర్థమైంది. గభాలున లేచాడు.

"నేనే తీశాను అక్కా. సార్, రాయండి. నేనే. మేక బాగానే ఉంది, రేపే తెచ్చిస్తాను. గుర్రాలు కూడా ఉంచుకో అక్కా."

"నోరు ముయ్యి," అంది స్పాల్జెస్. గొంతులో కోపం లేదు. "నీ మొహానికి దొంగతనం కూడానా. కూర్చో."

కప్పు తీసి అతనికి టీ పోసింది. సగం బయట పడింది. అప్పుడు భర్త వైపు తిరిగింది.

"ఏ రోజు?"

"పది రోజుల కింద, గురువారం," అన్నాడు థిన్లెస్.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అంటే బుధవారానికి ఏడో రోజు. గొంపాలో దీపం పెట్టావా?"

"పెట్టాను."

"ఎన్ని?"

"ఒకటి. వెన్న అంతే పట్టుకెళ్ళాను. ఎక్కువ తీస్తే నీకు తెలిసిపోతుందని."

"దానికి చీకటంటే భయమని తెలుసు కదా నీకు," అంది. "ఒక్కటే పెట్టావా?"

థిన్లెస్ నేల మీద పడి ఏడ్చాడు. ఐదు రోజులుగా దాచుకున్నదంతా ఏడ్చాడు. ఆమె అతన్ని ఊరడించలేదు, తిట్టలేదు. మూలనున్న వెన్న తోలుసంచిని లాక్కుని కుట్లు కోసేసింది. శీతాకాలానికని దాచిన వెన్న అది.

"గిన్నెలు తీసుకురండి," అంది.

గుర్మెత్ మిగిలిన టీ తాగేసి, కప్పును యూనిఫాం చేతితో తుడిచి ఆమె ముందు పెట్టాడు. జిగ్మెత్ ట్రెక్కర్ల టెంట్లలో ఉన్న కప్పులన్నీ పట్టుకొచ్చాడు. గ్యాల్త్సన్ తన కోటు చింపి దూదితో వత్తులు చేస్తూ కూర్చున్నాడు. స్పాల్జెస్ ఒక్కో దాంట్లో వెన్న నింపుతూ లెక్కపెట్టింది. ముప్పై ఒకటి అయ్యాయి.

చాలవు, ఇంకా తెమ్మంది.