తాళం బోర్డుకే

ఉదయం తొమ్మిదింటికి ఏజెంట్ హరినాథ్ ఫోన్ మోగింది. లైన్‌లో చీఫ్ పద్మనాభయ్య.

"నిన్న బోగోలు తీరంలో ఒకణ్ణి కాల్చేశారు. విదేశీ ముఠా మనిషే, మనకు లొంగిపోదామనుకున్నాడు. తన ల్యాప్‌టాప్ ముఠాకి దొరక్కుండా సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేశాడు. కొన్నది విడవలూరులో కంప్యూటర్లు రిపేరు చేసే నవోమి. కృష్ణపట్నం పోర్టుకు ఇవాళ వచ్చే ఓడల్లో ఒకదాంట్లో బాంబుంది. టైమ్ పన్నెండున్నర. ఏ ఓడన్నది ఆ ల్యాప్‌టాప్‌లో ఉంది. మన ఏజెంట్ క్యాథరిన్ నీతో వస్తుంది."

పదిన్నరకల్లా రొయ్యల వ్యాపారి వేషంలో హరినాథ్ నవోమి షాపులో ఉన్నాడు. అతను సంగతి చెప్పగానే ఆమె ఆ ల్యాప్‌టాప్ పవర్ నొక్కింది. నల్లటి తెర మీద తాళం బొమ్మ.

"ఇది విండోస్ పాస్‌వర్డ్ కాదు సార్. ఫర్మ్‌వేర్‌లో వేసినాడు. బోర్డు మీద చిప్‌లో ఉంటుంది, బ్యాటరీ పీకినా పోదు. బిల్లు చూపిస్తే కంపెనీవాళ్లు తీస్తారు. వారం పడుతుంది."

"మనకున్నది రెండు గంటలు."

హరినాథ్ గుమ్మంలో నిలబడి వీధిని గమనిస్తున్నాడు. నవోమి స్క్రూడ్రైవర్ అందుకుంది. కాసేపటికి, కారు దగ్గర ఫోన్లో ఉన్న క్యాథరిన్ పరుగున వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు వాసన.

"ముఠా జీపు ఊళ్లోకి వచ్చింది. రొయ్యల కంపెనీ కోల్డ్ స్టోరేజీలో దాక్కుందాం. క్విక్!" ల్యాప్‌టాప్ ఆమే చంకలో పెట్టుకుంది.

కోల్డ్‌రూమ్‌లోకి హరినాథ్, నవోమి అడుగుపెట్టారు. క్యాథరిన్ గడప దాటలేదు.

"సారీ హరీ. ముఠావాళ్లు నన్ను ముందే కొనేశారు."

తలుపు ధడాల్న మూసుకుంది. లోపలి హ్యాండిల్ అప్పటికే విరగ్గొట్టి ఉంది. మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. చొక్కా గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్ నొక్కాడు హరినాథ్. పలకలేదు. ఉక్కు గోడలు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. భుజంతో తలుపును గుద్దాడు. అరిచాడు. ఫ్యాన్ల హోరులో తన గొంతు తనకే వినపడలేదు.

"ల్యాప్‌టాప్ కూడా పోయింది," అన్నాడు.

"ఖాళీ డబ్బా పోయింది సార్." నవోమి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ఆ మేడమ్ ఊరికే వాచీ చూసుకుంటా ఉంటే నాకు నమ్మకం కుదరలేదు. డిస్క్ తీసి బ్యాగులో ఏసుకున్నా. తాళం బోర్డుకే వేసినాడు, డిస్క్‌కు వేయలేదు."

కొంకర్లు పోయిన వేళ్లతో డిస్క్‌ను బ్యాగులోని కేబుల్‌తో తన ట్యాబ్‌కు తగిలించింది. ఫైల్ తెరుచుకుంది. ఓడ పేరు 'సీ లాంతర్న్'.

టైమ్ పదకొండూ నలభై. పేరు తెలిసింది. చెప్పడానికి దారి లేదు. హరినాథ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పోర్టులో వందలమంది. ఎదురుగా నవోమి పెదాలు నీలంగా మారుతున్నాయి.

"ప్రభువా!" అంటూ ఆమె గోడకేసి చూసి ఆగింది. సన్నటి వైరు చివర పెన్నంత కడ్డీ. "సార్, అది టెంపరేచర్ సెన్సర్! వేడెక్కితే ఆపరేటర్ దగ్గర అలారం మోగాలి."

హరినాథ్ దాన్ని లాగి చంకలో పెట్టుకున్నాడు. ఇనుము ఒంటికి అంటుకుని కాలినట్టు మండింది. నవోమి అతని చేతిని తన రెండు చేతుల్తో అదిమి పట్టుకుంది. ఐదు నిమిషాలు. పది. అతని కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిద్రపోబాకండి సార్!"

తలుపు భళ్లున తెరుచుకుంది. ఆపరేటర్ పెంచలకృష్ణ. "అయ్యో, సరుకు కరిగిపోయిందా?"

హరినాథ్ అతణ్ణి తోసుకుని బయటపడ్డాడు. సిగ్నల్! "చీఫ్, సీ లాంతర్న్! ఆపండి!"

ఓడను నడిసముద్రంలోనే ఆపేశారు. బాంబు స్క్వాడ్ వైరు కత్తిరించేసరికి టైమర్‌లో నాలుగు సెకన్లున్నాయి. ల్యాప్‌టాప్‌ను సముద్రంలోకి విసిరి, చేతులు దులుపుకుంటున్న క్యాథరిన్‌ను తీరంలోనే పట్టుకున్నారు.

రెండో గ్లాసు టీ తాగుతున్న హరినాథ్ ముందు పెంచలకృష్ణ ఒక పుస్తకం తెరిచి పెట్టాడు.

"దేశాన్ని కాపాడినారు, సంతోషం సార్. కోల్డ్‌రూమ్ అలారం ఎందుకు మోగిందో రాసి, ఇక్కడ సంతకం చేయండి."