తేనెటీగలకు చెప్పాల్సిన మాట

టాస్మేనియా మధ్యలో, హైవే వదిలి లోపలికి తిరిగితే విన్‌బరీ అని చిన్న ఊరుంది. ఎప్పుడో వచ్చిన ఇంగ్లీషువాళ్ళు తమ పల్లెను మరిచిపోలేక అచ్చం అలాంటిదే ఇక్కడ కట్టుకున్నారట. రాతి చర్చి, పొలాల చుట్టూ ముళ్ళపొదల కంచెలు, ఖైదీల చేత కట్టించిన వంతెన, దాని కింద బాతులు. ఊరంతటికీ ఒక పబ్బు, ఒక కొట్టు. ఆ కొట్లోనే ఒక మూల పోస్టాఫీసు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో టీ, స్కోన్లనే చిన్న రొట్టెలు. ఎవరి కుక్క ఎవరి తోటలో దూరిందో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది.

చీరాల నుంచి వచ్చిన మమ్మల్ని ఆ ఊరు నెమ్మదిగానే అయినా బాగానే కలుపుకుంది. మా ఆయన లాజరస్ బాపట్లలో అగ్రికల్చర్ చదివాడు. చుట్టుపక్కల గోధుమ పొలాలవాళ్ళకి సలహాలివ్వడం అతని ఉద్యోగం. నేను పక్క టౌన్లో ముసలివాళ్ళ హోమ్‌లో కేరర్‌ని. మేము కొన్న పాత రాతి ఇంటితో పాటు పెరట్లో తేనెటీగల పెట్టెలు కూడా వచ్చాయి. వాటిని చూసి లాజరస్ చిన్నపిల్లాడైపోయాడు. పొగడబ్బా పట్టుకుని, వలటోపీ పెట్టుకుని గంటలకొద్దీ అక్కడే. వాటితో తెలుగులోనే మాట్లాడేవాడు. "ఏమ్మా, ఇవాళ తిన్నారా?" అని.

మార్చిలో, కోతలయ్యాక, ఏటవాలు పొలంలో నాలుగు చక్రాల క్వాడ్ బైక్ తిరగబడి లాజరస్ పోయాడు.

సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. రాలేదే అని కూడా అనిపించలేదు. సెలవు అయిపోగానే డ్యూటీకి వెళ్ళాను. ముసలివాళ్ళకి స్నానాలు చేయించాను, అన్నం తినిపించాను. ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. పంటి డాక్టరు ఇంజక్షనిచ్చాక దవడ మొద్దుబారుతుందే, ఒళ్ళంతా అలా ఉండేది.

జూన్‌లో అనుకుంటా, మొదలైంది. ఇక్కడ అది చలికాలం. సాయంత్రం ఐదు దాటకుండానే చీకటి పడుతుంది. నేను వంటింట్లో ఉంటే పైన చెక్కనేల మీద అడుగుల చప్పుడు. అటూ ఇటూ. తొందరేమీ లేనట్టు. తలుపు వెనక కొక్కేనికి తగిలించిన లాజరస్ జాకెట్లోంచి పచ్చి పొగ వాసన, అప్పుడే పెరట్లోంచి వచ్చి విప్పినట్టు. తెల్లవారుజామున చెయ్యి చాపితే పక్కలో అతని వైపు దుప్పటి వెచ్చగా ఉండేది.

భయం వేయలేదు. లాజరస్సే. ఇంకెవరుంటారు?

రెండు కప్పుల్లో టీ పోయడం మొదలుపెట్టాను. బల్లకి అవతలి వైపు పెట్టిన కప్పు పొద్దున్నకి ఖాళీగా ఉండేది.

పక్కింటి హిల్డాకి ఎనభై దాటాయి. ఇక్కడ పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని. ఓ మధ్యాహ్నం గుమ్మడికాయ సూపు తెచ్చిచ్చి, పెరటి వైపు చూస్తూ అడిగింది.

"హెలెనా, తేనెటీగలకి చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"వాటి యజమాని పోయాడని."

ఆవిడే వివరంగా చెప్పింది. ఇంగ్లండులో వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో అది ఆచారమట. ఇంట్లో ఎవరు పోయినా ఇంటి తాళంచెవితో ఒక్కో పెట్టెనీ తట్టి, ఫలానావాళ్ళు పోయారని చెప్పాలి. చెప్పకపోతే ఈగలు ఆ మనిషి కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. అవి ఎదురుచూస్తున్నంత కాలం పోయినవాళ్ళు కదలలేరు.

"కదలకపోతేనేం ఆంటీ," అన్నాను.

ఆవిడ పెరటి మీంచి చూపు నా వైపు తిప్పింది. "నీకు బాగానే ఉంటుందమ్మా. మరి అతనికి?"

నేను గిన్నె కడిగి ఇచ్చేశాను. ఈగలకి చెప్పలేదు.

జూలైలో చలి ముదిరింది. ఆ చలికి ఈగలు ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దలా ఉండాలి. పెట్టెకి చెవి ఆనిస్తే గానీ వినపడకూడదు. కానీ వాటి రొద వంటింట్లోకి వినిపించేది. రోజురోజుకీ పెరిగేది. సముద్రం అవతలి క్లేటన్ నుంచి మా చెల్లెలు సుగుణ వీడియో కాల్ చేసినప్పుడు అడిగింది కూడా.

"ఏంటక్కా ఆ సౌండు? ఫ్రిజ్ పాడైందా?"

"పెరట్లో తేనెటీగలు."

"అక్కా, నీ గొంతెలా ఉందో తెలుసా? ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుంది. బావ లేని ఇంట్లో ఒక్కదానివే ఏం చేస్తావ్ అక్కడ? వచ్చెయ్. మా ఇంట్లో ఓ రూమ్ ఖాళీనే. ఏజ్డ్ కేర్ జాబ్స్ ఇక్కడ మాత్రం లేవా?"

ఒక్కదాన్నే కాదే అని నాలుక చివరిదాకా వచ్చింది. "చూద్దాంలే," అన్నాను.

మర్నాడు ఉదయం పెరట్లోకి వెళితే పెట్టెల ముందు గడ్డి తెల్లటి మంచు పట్టి ఉంది. దాని మీద నల్లగా ఈగలు. చచ్చినవి. గుప్పిళ్ళతో ఎత్తేటన్ని. లోపల మిగిలినవి ఇంకా రొద పెడుతూనే ఉన్నాయి. ఎదురుచూసి ఎదురుచూసి చస్తున్నాయి. హిల్డా ఆంటీ అడిగిన మాట అప్పుడు నా లోపలికి దిగింది. మరి అతనికి?

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే, బూట్లు విప్పకుండానే, ఇంటి తాళంచెవి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. వాగు మీంచి లేచిన పొగమంచు కంచె దాటి వచ్చేసింది. చర్చి కనబడటం లేదు. ఎవరింట్లోనో కట్టెలు కాలుతున్న వాసన, తడిమట్టి వాసన, మైనం వాసన. ఎక్కడో ఒక గొర్రె అరిచి ఊరుకుంది. పెట్టెలు పొగమంచులో, పక్కపక్కన కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి.

మొదటి పెట్టెను తాళంచెవితో తట్టాను. రొద ఒక్కసారిగా హెచ్చింది.

ఏ భాషలో చెప్పాలి? అతను మాట్లాడింది తెలుగే కదా.

"మీ లాజరస్ చనిపోయాడమ్మా," అన్నాను. "ఇక రాడు."

రొద ఆగిపోయింది.

రెండో పెట్టె. మూడోది. చెప్పగానే ఒక్కోటీ ఆగిపోయింది. అన్నాళ్ళ తర్వాత పెరట్లో నిశ్శబ్దం... చెవుల్లో నొప్పి పుట్టేంత. అప్పుడు నా వెనక నుంచి పొగ వాసన గుప్పున వచ్చింది. వెచ్చగా నా భుజాన్ని రాసుకుంటూ వెళ్ళి, కంచె దగ్గర కాసేపు నిలిచి... పొలాల వైపు పోయింది.

నేను పిలవలేదు. పిలిస్తే ఆగుతాడని తెలుసు.

లోపలికొచ్చి ముందు జాకెట్ వాసన చూశాను. తడిగుడ్డ వాసన. అంతే. మేడ మీదికి వెళ్ళి, లైటు కూడా వేయకుండా, పక్క మీద అతని వైపు చెయ్యి పెట్టాను. చల్లగా, చెమ్మగా ఉంది. నిజంగా పోయాడు. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని అలాగే కూర్చున్నాను.

కింద, వంటింట్లో, కుర్చీ జరిగింది.

ఊపిరి బిగబట్టి విన్నాను. చెక్క కుర్చీ కాళ్ళు నేల మీద ఈడ్చుకుంటూ... ఆగాయి. ఎవరో కూర్చున్నట్టు చిన్న కిర్రు.

"లాజరస్?" అన్నాను.

కాసేపటికి కప్పు మీద చెంచాతో కొట్టిన చప్పుడు. టింగ్... ఇంకాసేపటికి మళ్ళీ... టింగ్.

టీ అడుగుతోంది.

మెట్ల మీద నిలబడ్డాను. అప్పుడు ఒక్కొక్కటే లెక్క కుదిరింది. వాసన అతనిది. వెచ్చదనం అతనిది. రెండూ పోయాయి. మరి అడుగుల చప్పుడు? లాజరస్ నడిస్తే ఇల్లు అదిరేది. నేను విన్న అడుగులు తేలికైనవి. గోరుతో బల్లను తట్టినట్టుండేవి. ఇన్నాళ్ళూ విన్నాను గానీ వినిపించుకోలేదు. పొద్దున్నకి ఖాళీ అయిన ఆ కప్పులన్నీ...

కారు తాళాలు కోటు జేబులోనే ఉన్నాయి. మెట్లు దిగితే ఎడమకి వీధి తలుపు. కుడికి వంటిల్లు.

దిగాను. గుండె కొట్టుకోవాలి. కొట్టుకుంటోందేమోనని చెయ్యి పెట్టి చూసుకున్నాను. వంటింట్లోంచి ఒక వాసన వస్తోంది. ఏళ్ళ తరబడి తెరవని పెట్టెలో మడతపెట్టి ఉంచిన ఉన్నిబట్టల వాసన. దానితో పాటు ఎండిన పూల వాసన. తలుపు వార నుంచి చూస్తే, పొద్దున వేసిన కట్టెల పొయ్యిలో మిగిలిన నిప్పుల వెలుతురు బల్ల కాళ్ళ దాకే వస్తోంది. కుర్చీ జరిగి ఉంది. దానిలో చీకటి మిగతా చీకటి కంటే చిక్కగా ఉంది.

"ఎవరు?"

చెంచా చప్పుడు ఆగింది. ఊపిరి... నాది కాదు. చిన్న చిన్నగా, నవ్వు ఆపుకుంటున్న వాళ్ళ ఊపిరిలా.

పారిపోవచ్చు. హిల్డా ఆంటీ గుమ్మం ఎంతో దూరం లేదు. రాత్రికి రాత్రే బయలుదేరితే పొద్దున విమానం ఎక్కి సుగుణ దగ్గరికి చేరొచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ పెరట్లో ఆ నిశ్శబ్దం ఉంది. మేడ మీద ఆ చల్లటి పక్క ఉంది. నేను వెళ్ళి కెటిల్ స్విచ్ వేశాను. లైటు వేయలేదు. రెండు కప్పుల్లో టీ పోశాను. ఒకటి అటు జరిపాను. నా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

తెల్లారాక కంచె దగ్గర హిల్డా ఆంటీ కనిపించింది. ముఖం విప్పారి ఉంది.

"చెప్పేశావు కదూ! ఇందాకే వెళ్ళి పెట్టెలకి చెవి ఆనించాను. పసిపిల్లల్లా నిద్రపోతున్నాయి. మంచిపని చేశావమ్మా." కాస్త ముందుకి వంగి అడిగింది, "మీ చెల్లెలు వచ్చిందా?"

"లేదే."

"మరి ఎవరో స్నేహితురాలైతే వచ్చినట్టుంది. రాత్రంతా మీ వంటింట్లోంచి ఇద్దరు ఆడవాళ్ళ నవ్వులు. ఎంతసేపు నవ్వారో! నాకు నిద్రపట్టలేదనుకో, అయినా ఏమీ అనుకోలేదు. నువ్వు నవ్వగా విని ఎన్ని నెలలైంది!"

ఎదురుగా కూర్చోవడం గుర్తుంది. కిటికీ తెల్లబడ్డం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఏముందో వెతుకుతూ, ఆవిడకి ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను.

దవడలు పచ్చిపుండులా నొప్పెట్టాయి.